కెమెరా నా మీద కూడా సాక్ష్యం చెప్పింది

ముందున్న కారు ఉన్నట్టుండి ఆగింది. బ్రేకు తొక్కాను, చాలలేదు. తాకిడి చిన్నదే: నా బంపరు సొట్టపోయింది, వాళ్ల వెనక దీపం ఒకటి పగిలింది. ఇద్దరు మనుషులు దిగారు. పక్కనుంచి ఇంకో కారు అడ్డం వచ్చిందనీ, అందుకే ఆపామనీ అన్నారు. ఆ కారును నేనూ చూశాను కాబట్టి అనుమానించలేదు. వివరాలు రాసుకుని విడిపోయాం.

పది రోజులకు బీమా సంస్థ నుంచి ఉత్తరం వచ్చింది. ఆ కారులో నలుగురున్నారట. నలుగురికీ మెడ పట్టేసిందట. నేను ఫోనులో మాట్లాడుతూ పరధ్యానంగా నడిపానట.

అద్దం వెనక బిగించిన కెమెరాలోని కార్డును ప్రమాదం జరిగిన రాత్రే బయటికి తీశాను. ముందుచూపుతో కాదు, బంపరుకు సొట్ట ఎలా పడిందో ఇంట్లో సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చి. ఈ కెమెరాలు మూడేసి నిమిషాల ముక్కలుగా రికార్డు చేస్తాయి. కార్డు నిండగానే పాతవాటిని చెరిపేసి వాటి మీద కొత్తవి రాస్తాయి. నాది 32 జీబీ కార్డు, నాలుగైదు గంటల ప్రయాణానికే నిండిపోతుంది. గట్టి కుదుపు తగిలితే ఆ ముక్కను చెరిపేయకుండా విడిగా దాచే ఏర్పాటు ఉంది గానీ, ప్రతి గుంతకూ అది పనిచేస్తోందని విసుగుపుట్టి నేనే దాన్ని బాగా తగ్గించి పెట్టాను. దాచిన ముక్కల ఫోల్డరు ఖాళీ. మర్నాడు యథాప్రకారం బండి తీసి ఉంటే ఏమీ మిగిలేది కాదు.

ఉత్తరం చదివాక వీడియోను ఒక్కో చిత్రమే జరుపుతూ చూశాను. సెకనుకు 30 చిత్రాలు. ముందు కారు బ్రేకు దీపాలు వెలిగాక ఇరవై చిత్రాలు గడిచాయి, ఆ తర్వాతే పక్క కారు అడ్డం వచ్చింది. రాబోయే కారు కోసం ముందే బ్రేకు వేశారన్నమాట! అంతకుముందు సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు వాళ్ల వెనక సీటు స్పష్టంగా కనిపించింది. అందులో ఒక్క తలా లేదు.

గెలిచానని సంబరపడుతూ వీడియో ఇచ్చాను. దాని మీద తేదీ జనవరి 1 అని ఉంది. కెమెరా లోపలి చిన్న బ్యాటరీ ఎప్పుడో పాడై, గడియారం మొదటికొచ్చింది. ఇది ఆ రోజుదేనని రుజువేమిటని విచారణ అధికారి అడిగారు.

రుజువు ఉంది. అక్కడే నాకు చిక్కొచ్చింది. ప్రమాదానికి ముందు మా అక్క ఫోను చేస్తే, చేతిలో పట్టుకోకుండా కారు స్పీకరులో మాట్లాడాను. ప్రమాదానికి రెండు నిమిషాల ముందే పెట్టేశాను. మైకు అంతా విన్నది. ఆ ధ్వనిని నా ఫోనులోని కాల్ వివరాలతో పోల్చితే రోజు, సమయం తేలిపోతాయి. తాకిడి వేళకు ఫోనులో లేనన్నదీ తేలిపోతుంది. కానీ అందులో ఉన్నది అక్క కాపురం గొడవ. ఆ మాటలు తీసేసి ఇస్తానన్నాను. అసలు ఫైలును ఎక్కడ కత్తిరించినా అనుమానం మొదలవుతుంది, వద్దన్నారు.

అక్కను అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. "నా ఏడుపు ఎంతమంది వింటారు?" అంది చివరికి. ఇద్దరే వింటారని రాతపూర్వకంగా తీసుకున్నాకే ఒప్పుకుంది.

ఈలోగా ఒక స్నేహితుడు ఆ మోసగాళ్ల వీడియోను అందరికీ పంపుదామన్నాడు. ఒప్పుకోలేదు. అందులో జీబ్రా గీతల మీద రోడ్డు దాటుతున్నవాళ్ల ముఖాలున్నాయి. పక్క కారువాడు నిజంగా వాళ్ల మనిషో కాదో నాకు తెలియదు. జర్మనీ ఫెడరల్ న్యాయస్థానం 2018 మేలో ఇచ్చిన తీర్పు గురించి ఆ రోజుల్లోనే చదివాను: కారణం లేకుండా దారంతా రికార్డు చేయడం వ్యక్తిగత సమాచార చట్టానికి విరుద్ధమే, అయినా ప్రమాదం కేసులో ఆ వీడియోను సాక్ష్యంగా తీసుకోవచ్చు అని. తప్పు చేసి సంపాదించిన నిజం! నా పరిస్థితీ సరిగ్గా అదే అనిపించింది.

నలుగురి మెడనొప్పుల దావాను సంస్థ తిరస్కరించింది. వాళ్ల వెనక దీపం ఖర్చులో కొంత మాత్రం నా బీమా మీదే పడింది. తగినంత దూరం ఉంచానని నేను రాసిచ్చిన మాట అబద్ధమని నా కెమెరాయే చూపించింది మరి.

గడియారం సరిచేశాను. మైకు తీసేయాలా ఉంచాలా అన్నది ఇంకా తేల్చుకోలేదు. అక్క ఇప్పుడు ఫోను చేస్తే మొదట అడిగేది, "బండిలో ఉన్నావా?" అని.