కెటిల్ కరవదులే

"ఆ కెటిల్ ఏమీ కరవదులే!" మొన్న మధ్యాహ్నం మా ఆఫీసులో పే రోల్ చూసే పెద్దావిడ కంప్యూటర్ మీంచి తల కూడా ఎత్తకుండా నాతో అన్న మాట ఇది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంగ్లండ్‌లో కొన్నాళ్ళు ఉద్యోగం చేసిన వాళ్ళెవరినైనా అడగండి, ఇక్కడ నవ్వుతూ అన్నదే అసలు మాట అంటారు. సాయంత్రం బస్సెక్కి కూర్చున్నాక గానీ నాకు మంట మొదలవలేదు.

గొడవంతా టీ గురించి. నువ్వూ ఎప్పుడైనా లేచి అందరికీ టీ పెట్టొచ్చుగా అని ఆవిడ ఎత్తిపొడుపు. మాది నార్తాంప్టన్. ఊరి చుట్టూ గోడౌన్లు, వాటి చుట్టూ లారీలు. అలాంటి ఒక లారీల కంపెనీలో అకౌంట్స్ సెక్షన్ మాది. ఎవరికి టీ తాగాలనిపిస్తే వాళ్ళు లేచి, గదిలో అందరినీ అడిగి, అందరికీ కలిపి ట్రేలో తేవాలి. టీ రౌండ్ అంటారు. ఈ రూలు ఎక్కడా రాసి ఉండదు. రాసి ఉన్నదల్లా కిచెన్ అలమార తలుపుకి లోపల అంటించిన కాగితం: ఎవరికి పంచదార రెండు చెంచాలు, ఎవరికి అసలు వద్దు, ఎవరికి ఇటుక రంగు వచ్చేదాకా నానాలి, ఇలా. అందులో నా పేరు లేదు.

ఎందుకు లేదంటే, చేరిన కొత్తలో ఒకతను వచ్చి టీ కావాలా అని అడిగితే వద్దన్నాను. అడగ్గానే ఊఁ అంటామా ఎక్కడైనా? "అబ్బే, ఇప్పుడే తాగానండీ" అంటాం, "భలేవారే, సగం కప్పు" అంటారు, అప్పుడు పుచ్చుకుంటాం. అతను మాత్రం సరేనని చక్కా పోయాడు. ఇక్కడ వద్దంటే వద్దనే. వాళ్ళ లెక్క ప్రకారం ఎదుటి మనిషి మాటను గౌరవించడం అది. రెండోసారి అడిగితే ఒత్తిడి చేసినట్టు. మర్నాటి నుంచి ఇంట్లో అల్లం టీ పెట్టుకుని ఫ్లాస్కులో తెచ్చుకోవడం మొదలుపెట్టాను. కొన్నాళ్ళకి నన్ను అడగడం మానేశారు.

ఇంకో కారణం కూడా ఉంది, అది వాళ్ళతో చెప్పేది కాదు. ఆ టీ పెట్టే పద్ధతి చూశాను. మగ్గులో ఒక బ్యాగు పడేసి వేడినీళ్ళు పోస్తారు. చెంచాతో దాన్ని మగ్గు గోడకేసి నొక్కి పిండి, ఫ్రిజ్‌లోంచి తీసిన పచ్చమూత సీసాలోని చల్లటి పాలు ఒక చుక్క కలుపుతారు. స్టవ్వు లేదు, మరగడం లేదు. ఒకే చెంచా మగ్గులన్నిట్లోనూ తిరుగుతుంది, మధ్యలో ఎవరో రుచి చూసినా సరే. తాగిన మగ్గుల్ని కుళాయికి అలా చూపించి బోర్లిస్తారు. ఎంగిలి సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు, వాళ్ళకి నేను చెప్పలేను.

కాబట్టి నా వాదన ఇది: నేను వాళ్ళ టీ తాగను, కాబట్టి వాళ్ళకి టీ బాకీ లేను. డెబిట్ లేదు, క్రెడిట్ లేదు. ఇందులో నన్ను అనాల్సిన అవసరం ఏమొచ్చింది?

ఇంగ్లీషు వాళ్ళ మర్యాదల గురించి తెలుసుకోవాలంటే పుస్తకాలకి కొదవలేదు. తమ గురించి తాము నవ్వుకునే పుస్తకాలంటే వీళ్ళకి పిచ్చి. కామాలు, అపాస్ట్రఫీల మీద లిన్ ట్రస్ 2003లో రాసిన పుస్తకం లక్షల్లో అమ్ముడుపోయిన దేశం ఇది. చారిటీ షాపులో చవగ్గా కొన్న కేట్ ఫాక్స్ పుస్తకం ఒకటి ఇంట్లో ఉంటే ఆ రాత్రి తీశాను. ఆవిడ మానవశాస్త్రం చదివినావిడ. 2004లో వచ్చిన ఈ పుస్తకం కోసం రైల్వే స్టేషన్లలో, వీధుల్లో కావాలని జనాన్ని గుద్దుకుంటూ నడిచి, తప్పు తనదైనా వాళ్ళెలా సారీ చెబుతారో పరీక్షించింది. క్యూల్లో అడ్డంగా దూరింది. తనూ ఇంగ్లీషుదే కాబట్టి అది చేయడానికి చచ్చేంత సిగ్గు. పాడింగ్టన్ స్టేషన్ దగ్గర పబ్బులో పొద్దున్నే కాస్త బ్రాందీ తాగి ధైర్యం తెచ్చుకోవాల్సి వచ్చిందట. ఎంత ఇబ్బందిలో ఉన్నా ఇంగ్లీషు మనిషి ముందు కెటిల్ పెడతాడని కూడా ఆవిడే రాసింది. నిజమే. మా దగ్గర ఒకసారి జీతాల ఫైలు పాడైపోయిందని తెలిసిన క్షణంలో ముగ్గురు ఒకేసారి కిచెన్ వైపు నడిచారు.

నాకు సమాధానం దొరికింది మాత్రం పబ్బుల అధ్యాయంలో. అక్కడ ఎవరి డ్రింకు వాళ్ళు కొనుక్కోరు. ఒకరు అందరికీ కొంటారు, తర్వాత ఇంకొకరు. ఇచ్చిపుచ్చుకోవడం ఉంటేనే మనుషుల మధ్య పొత్తు నిలుస్తుందని, తన వంతు ఎగ్గొట్టేవాణ్ణి ఎవరూ పైకి ఏమీ అనకపోయినా మరిచిపోరని ఆవిడ వివరం. టీ రౌండ్ కూడా అదే కుదురులోది.

దీనికంటే ముందే చెప్పినాయన ఇంకొకాయన ఉన్నాడు. జార్జ్ మికేష్ హంగరీ నుంచి 1938లో విలేకరిగా లండన్ వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. 1946లో పరాయివాళ్ళ కోసం రాసినట్టుగా ఒక చిన్న పుస్తకం రాశాడు. టీని వద్దనకూడని సందర్భాలు కొన్నుంటాయి, అప్పుడు గనక వద్దన్నావా, నిన్ను అనాగరికుల్లో జమకట్టేస్తారు అని హెచ్చరించాడు. వలస వచ్చినవాడి బాధ వలస వచ్చినవాడికే తెలుస్తుంది. అదే ఏడాది జనవరిలో, బీహార్‌లోని మోతిహారిలో పుట్టిన రచయిత జార్జ్ ఆర్వెల్ మంచి టీకి పదకొండు సూత్రాలు పేపర్లో రాశాడు. అప్పటికింకా టీ రేషన్. వారానికి రెండు ఔన్సులతో ఇరవై కప్పులు లాగాలని ఆయన లెక్క. అంత పిండిపిండి తాగే రోజుల్లో ఒకడు నీకు కప్పు ఇచ్చాడంటే తన వాటాలోంచి ఇచ్చినట్టే. ఇప్పుడు డబ్బాలో ఎనభై బ్యాగులు గుట్టగా పడి ఉన్నా ఆ పట్టింపు పోలేదేమో అనిపిస్తుంది నాకు.

సరే, ఇంతా చదివాక కూడా నా కోపం తగ్గలేదు. లెక్కలు చూసుకుని పోసే టీ ఏం టీ? మన దగ్గర వచ్చినవాడికి ఇస్తాం, వాడు మనకి తిరిగి ఇస్తాడా లేదా అని చూస్తామా? ఈ డైలాగు మనసులో బాగా ముస్తాబు చేసుకుంటూ ఉండగా చదివింపుల నోటుబుక్కు గుర్తొచ్చింది. పెళ్ళిలో మండపం పక్కన టేబులేసుకుని, పేరు, ఊరు, నూటపదహార్లా వెయ్యిన్నూటపదహార్లా అని రాసుకునే బుక్కు. మా నాన్న బీరువాలో మా అక్క పెళ్ళిది ఇప్పటికీ ఉంది. ఎవరింట్లో శుభకార్యం వచ్చినా ముందు అది తీసి చూడందే కవర్లో డబ్బు పెట్టరు. వీళ్ళు టీ లెక్క మనసులో పెట్టుకుంటారు, మనం ఏకంగా పుస్తకానికే ఎక్కిస్తాం. అకౌంట్స్ మనిషిని, ఇది ఇంత ఆలస్యంగా తట్టడమేమిటో.

మరి ఈ మధ్య కొందరు శుభలేఖ కింద "కానుకలు స్వీకరించబడవు" అని అచ్చేయిస్తున్నారు కదా. ఎంతో పెద్దమనసుతోనే వేయిస్తారు. చదివినవాళ్ళు మాత్రం "మనం పెట్టేది వాళ్ళకి ఆనదులే" అని మూతి తిప్పుకుంటారు. నా ఫ్లాస్కు రోజూ ఆ లైను అచ్చేసుకుని టేబుల్ మీద నిలబడిందన్నమాట. పెద్దావిడకి కావాల్సింది నా చేతి టీ కాదు, వాళ్ళ టీకి నేను బాకీ పడటం.

ఇప్పుడు కాగితంలో నా పేరు ఉంది: పాలు ఎక్కువ, పంచదార ఒకటి. నా వంతు వచ్చినప్పుడు చెంచా కడిగి కడిగి వాడుతున్నానని ఎవరూ గమనించలేదు. నా టీ మరీ తెల్లగా ఉంటుందని పెద్దావిడ ఫిర్యాదు. ఆవిడ అలా మొహమ్మీదే అనడం నాకెందుకో బాగుంది. ఫ్లాస్కు మాత్రం మానలేదు, పదకొండింటికి వాళ్ళది, మూడింటికి నాది.

ఒక్కటి మాత్రం అలవాటు కావడం లేదు. ఈ రౌండ్‌లో మా ఫైనాన్స్ డైరెక్టర్ కూడా ఉన్నాడు. రిటైర్మెంట్‌కి దగ్గర్లో ఉన్నాడు. ట్రే పట్టుకుని వచ్చి, మగ్గు పిడి నా వైపు తిప్పి మరీ పెడతాడు. నేను బెజవాడలో ఆర్టికల్స్ అనే ట్రైనింగ్ చేసిన ఆడిటర్ గారి ఆఫీసులో ఆయన గ్లాసు ఆయన తీసుకోవడం కూడా చూడలేదు, కుర్రాడొచ్చి పెట్టి, మళ్ళీ వచ్చి తీసుకెళ్ళేవాడు. ఆ కుర్రాడికి టీ ఎవరిచ్చారో మేమెవరం పట్టించుకోలేదు. ఇక్కడ ఈయన వస్తుంటే నా కాళ్ళు వాటంతటవే లేచి నిలబడతాయి. కూర్చో కూర్చో అంటాడు పాపం, ఆయనకీ ఇబ్బందే.

గొప్పగా ఉంటుందని ఈ సంగతి అమ్మకి ఫోన్లో చెప్పాను.

"ఆయన వయసెంత?" అంది.

"అరవై దాటుంటాయి."

"అంత పెద్దాయన చేత టీ పెట్టించుకుని తాగుతున్నావుటే? కళ్ళు పోతాయి. ఫోన్ నాన్నకివ్వనా, నువ్వే చెప్పు."