ఆయన కారు

వచ్చే వారానికి మా ఆయన పోయి మూడు నెలలు. హనుమకొండలో మా ఇంటి ముందు కారు అట్లనే ఉంది. కవరు మీద రాలిన వేపాకులు ఊడ్వడానికి కూడా నాకు చెయ్యి రాలేదు.

కానీ కాగితాల గడువు ఆగదు కదా. ఓనర్ చనిపోతే 30 రోజుల్లో ఆర్టీఏ ఆఫీసుకు తెలపాలి, మూడు నెలల్లోగా ఫారం 31తో వారసుల పేరు మీదికి మార్చమని దరఖాస్తు పెట్టాలి. ఇన్సూరెన్స్‌లోనూ పేరు మారాలి. ఆ దుఃఖంలో ఇవన్నీ ఎవరికి గుర్తుంటాయి? నాలాంటి వాళ్లకు పనికొస్తుందని రాస్తున్నా.

ఈరోజు ఆర్‌సీ కోసం డాష్‌బోర్డు తెరిచా. మేడారం జాతర నుంచి తెచ్చిన బంగారం ముక్క, అదే ప్రసాదం బెల్లం, కాగితానికి అంటుకుపోయి జిగటగా ఉంది. దాని పక్కనే నా కళ్లద్దాల డబ్బా, నేను ఇల్లంతా వెతికింది. డ్రైవర్ సీట్లో కూచుంటే పెడల్ అందలేదు. సీటు ఇంకా ఆయన కాళ్ల కొలతకే ఉంది.

"అక్కా, ముందుకు జరపాల్నా?" అన్నాడు బ్యాటరీ చూడడానికొచ్చిన పిల్లాడు.

ఈ ఒక్కరోజు ఉండనీ బిడ్డా అన్నాను.

అమ్మేయమని మా తమ్ముడు అంటున్నాడు. ఇప్పుడే కాదు. రేపు దరఖాస్తు పెట్టొచ్చి, డ్రైవింగ్ క్లాసు గురించి అడుగుతా.