ముడసర్లోవ నీటి మీద ఎండ పంట

చిన్నప్పుడు మా మేడ మీద ఆరేసిన తెల్ల పంచెను సాయంత్రం దులిపితే అరచేతికి సన్నని నల్లటి పొడి అంటుకునేది. అమ్మ పూటపూటా వరండాను తడిబట్టతో తుడిచేది. బొగ్గు గురించి నేను నేర్చుకున్న తొలి పాఠం అదే.

అందుకే విశాఖపట్నంలోని ముడసర్లోవ జలాశయంపై తేలే సౌర ఫలకాలను చూసినప్పుడల్లా మనసుకు హాయిగా ఉంటుంది. వాటి సామర్థ్యం 2 మెగావాట్లే. కానీ నీటి చల్లదనానికి ఫలకాలు అంతగా వేడెక్కవు కనుక విద్యుత్తు మెరుగ్గా వస్తుంది, వాటి నీడలో నీరు ఆవిరి కావడమూ తగ్గుతుంది, పైగా ఎవరి పొలమూ తీసుకోనక్కరలేదు. 2021లో సింహాద్రి థర్మల్ కేంద్రం జలాశయంలోనూ 25 మెగావాట్ల ఫలకాలు వచ్చాయి. అయితే అక్కడి బొగ్గు యూనిట్ల సామర్థ్యం 2,000 మెగావాట్లు. మనం నడవాల్సిన దూరం ఆ రెండు అంకెల మధ్యే ఉంది.

బొగ్గు, చమురు వంటి శిలాజ ఇంధనాల నుంచి వైదొలగాలని 2023 దుబాయ్ వాతావరణ సదస్సులో దేశాలు అంగీకరించాయి. 2030 నాటికి శిలాజేతర సామర్థ్యాన్ని 500 గిగావాట్లకు చేర్చాలన్నది మన లక్ష్యం. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది మాత్రం రాత్రి ఏడు గంటల వేళ. పొద్దు గుంకితే సౌర విద్యుత్తు ఆగిపోతుంది, ఇంటింటా దీపాలు, ఏసీలు వేసేదేమో అప్పుడే. మధ్యాహ్నపు మిగులు విద్యుత్తుతో నీటిని పై జలాశయానికి తోడి, రాత్రి కిందికి వదిలి టర్బైన్లు తిప్పే పద్ధతికి సీలేరు వంటి మన కొండ ప్రాంతాలు అనువైనవే. కానీ అక్కడి గిరిజనుల సమ్మతి లేకుండా ఒక్క అడుగు కూడా వేయకూడదన్నది నా గట్టి అభిప్రాయం.