కొత్త ఇంజిన్ తొలి నడక

సంక్రాంతి సెలవులు ముగిసేలోగా కొత్త ఇంజిన్‌ను ఒక్కసారైనా నడిపించాలన్న కోరిక ఈ ఆదివారం తీరింది. అది ఏడున్నర సీసీ గ్లో ఇంజిన్, అంటే నిప్పురవ్వతో కాక ఎర్రగా కాలే తీగతో ఇంధనాన్ని అంటించే చిన్న ఇంజిన్. మోడల్ విమానాలు ఎగరేసేవారు దాన్ని నలభై ఆరు సైజు అంటారు, అంటే 0.46 ఘనపు అంగుళాలు. నాగావళి ఇసుకలోనే స్టాండు పాతుదామని మేనల్లుడు ముచ్చటపడ్డాడు గానీ, ప్రొపెల్లర్ గాలికి లేచిన ఇసుక కార్బొరేటర్‌లోకి పోతే కొత్త స్లీవ్ (పిస్టన్ ఆడే లోపలి గొట్టం) మీద గీతలు పడతాయి. అందుకని శ్రీకాకుళం అవతల మా అత్తవారి ఊళ్లో, బావమరిది పొలంలోని సిమెంటు కళ్లాన్ని శుభ్రంగా కడిగి, బరువైన బల్ల వేసి, దానికి టెస్ట్ స్టాండు బిగించాము.

తెల్లవారుజామున మంచు దట్టంగా ఉంది. చలిలో ఇంజిన్‌ను ముట్టుకోవద్దని, ఎండ బాగా కాగేదాకా ఆగుదామని నేనే పట్టుబట్టాను. ఈ ఇంజిన్‌లో అల్యూమినియం పిస్టన్, క్రోమియం పూత పూసిన ఇత్తడి స్లీవ్ ఉంటాయి. పిస్టన్‌కు రింగు ఉండదు. స్లీవ్ పైభాగం కావాలనే కాస్త ఇరుకుగా చేస్తారు. నడిచేటప్పుడు మంట దగ్గరుండే ఆ పైభాగమే ఎక్కువగా వేడెక్కి, ఎక్కువగా వ్యాకోచించి, పిస్టన్‌కు సరిగ్గా సరిపోయే కొలతకు వస్తుంది. చల్లగా ఉన్నప్పుడు చేత్తో తిప్పితే పిస్టన్ పైకొసకు వచ్చి కిర్రుమని పట్టేయడానికి కారణం ఇదే. కొత్త ఇంజిన్ ఏదైనా సరే ఇంధనం బాగా ఎక్కువిచ్చి, నెమ్మదిగా, చల్లగా నడపాలని పాతవారు చెప్పేది రింగు ఉన్న ఇంజిన్లకు చక్కగా వర్తిస్తుంది. అదే పద్ధతిని ఈ రకానికీ రుద్దడం నాకు ఎంతమాత్రం సమ్మతం కాదు. స్లీవ్ వేడెక్కి విచ్చుకోకముందే పిస్టన్ ఆ ఇరుకులో గంటల తరబడి ఒరుసుకుంటే అరుగుదల తప్పదు, పిస్టన్‌ను కిందున్న ఇరుసుకు కలిపే కనెక్టింగ్ రాడ్డు మీద భారమూ తప్పదు.

ఇంధనం నేనే కలిపాను: 80 పాళ్లు మెథనాల్, 20 పాళ్లు ఆముదం. శక్తి పెంచడానికి కొందరు కలిపే నైట్రోమీథేన్ వేయలేదు. మోడల్ విమానాన్ని తీగలతో పట్టుకుని చుట్టూ తిప్పే కంట్రోల్ లైన్ స్పీడ్ పోటీలకు అంతర్జాతీయ వైమానిక సమాఖ్య నిర్దేశించిన పాళ్లు కూడా ఇవే కనుక, అందులో లోటేమీ లేదని నా నమ్మకం. ఆముదం మెథనాల్‌లో పూర్తిగా కలిసిపోతుంది. చాలా నూనెలు మాడిపోయే వేడిలోనూ లోహానికి అంటిపెట్టుకుని పొరగా నిలుస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధకాలపు రోటరీ విమాన ఇంజిన్లకు కూడా ఆముదమే పోసేవారు. అయితే ఇంట్లో వండి తీసిన ఆముదం దీనికి పనికిరాదు. జిగురు తీసి, వడగట్టి, శుద్ధి చేసినదే కావాలి.

గ్లో ప్లగ్గుకు ఒకటిన్నర వోల్టుల బ్యాటరీ తగిలించి, ప్రొపెల్లర్‌ను కర్రతో విసురుగా తోశాను. మేనల్లుణ్ణి ప్రొపెల్లర్ తిరిగే తలానికి ఎదురుగా గానీ పక్కన గానీ కాకుండా, వెనకాల నిలబెట్టాను. మెథనాల్ మంట పగటివేళ కంటికి కనబడదని ముందే హెచ్చరించి, తడిగుడ్డ కూడా దగ్గర ఉంచాను. ఇంజిన్ అందుకుని నిలదొక్కుకోగానే బ్యాటరీ తీసేశాము. ప్లగ్గులోని ప్లాటినం తీగ మెథనాల్‌తో జరిగే చర్య వల్ల, మంట వేడి వల్ల, తనంతట తానే ఎర్రగా వెలుగుతూ ఉంటుంది గనుక ఆపైన బ్యాటరీ అక్కర్లేదు.

ఇక అంతా చెవి పనే. ఇంధనం పాలు సరిచేసే మర అయిన నీడిల్ బాగా తెరిచి ఉన్నప్పుడు ఇంధనం ఎక్కువై, టూ స్ట్రోక్ ఇంజిన్ రెండు చుట్లకొకసారే మండుతూ బొంగురుగా మోగుతుంది. నీడిల్‌ను ఒక్కొక్క నొక్కు చొప్పున మూస్తూ పోతే, ఒకచోట ఆ బొంగురు విరిగి సన్నని, ఎడతెగని స్వరంలోకి మారుతుంది. "మావయ్యా, గొంతు మారింది!" అని మేనల్లుడు నాకంటే ముందే పసిగట్టాడు. వాడి చెవి అంత చురుకని నాకు అంతవరకూ తెలియదు, చాలా సంతోషమేసింది. ఇంధనం గొట్టాన్ని వేళ్లతో క్షణం నొక్కి వదిలితే వేగం చటుక్కున పెరిగింది, అంటే ఇంకా రిచ్‌గానే, ఇంధనం పాలు ఎక్కువగానే ఉందన్నమాట. సరిగ్గా అక్కడే ఉంచాను.

సైలెన్సర్ వెనక పట్టుకున్న తెల్లకాగితం మీద మొదట పడిన నూనె చుక్కలు ముదురు బూడిదరంగులో ఉన్నాయి. వెలుతురుకు వంచి చూస్తే అందులో సన్నని లోహపు మెరుపు కనబడింది, కొత్త భాగాలు ఒరుసుకుని రాలిన పొడి అది. రెండు మూడు నిమిషాలు నడపడం, ఆపి చెయ్యి పెట్టగలిగేంతగా చల్లారనివ్వడం, మళ్లీ నడపడం, ఇలా సాగుతున్నకొద్దీ చుక్కలు తేటపడి చివరికి ఆముదం రంగుకు వచ్చాయి. ఆ పాటికి వాసన పొలమంతా కమ్ముకుంది. గట్టున పోతున్న ఒక ముసలమ్మ ఆగి, "ఎవులింట ఆవుదం కాస్తన్నార్రా?" అని అడిగి, స్టాండు మీద తిరుగుతున్న దాన్ని చాలాసేపు చూసింది.

మధ్యాహ్నానికి పైకొసన పట్టేయడం కొంత సడలింది గానీ పూర్తిగా పోలేదు, పోకూడదు కూడా. నీడిల్ ఇంకా మూసి అసలు వేగం చూద్దామని మేనల్లుడు బతిమాలినా నేను ఒప్పుకోలేదు. విమానానికి బిగించాక మొదటి కొన్ని ఎగురుళ్లు కాస్త రిచ్‌గానే ఉంచి, ఆ తర్వాతే పూర్తి వేగానికి వెళ్లాలి. గొట్టం ఊడదీసి, లోపల మిగిలిన ఇంధనం మండిపోయేదాకా నడిపాను. మెథనాల్ తేమను పీల్చుకుని బేరింగులకు తుప్పు పట్టిస్తుంది కాబట్టి ప్లగ్గు విప్పి నాలుగు చుక్కల నూనె వేసి తిప్పాను. ఇంజిన్ చల్లారాక తల మీది మరలన్నీ ఎదురెదురు జతలుగా సరిచూసి, గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టాము.