తిరగవాత లేని సూప్

నవంబర్ వచ్చిందంటే ఐర్లాండ్‌లోని రాస్కామన్‌లో సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుంది. పొద్దున ఎనిమిదికి డ్యూటీ ఎక్కి రాత్రి ఎనిమిదికి దిగేదాన్ని కాబట్టి వారంలో మూడు నాలుగు రోజులు వెలుతురును కిటికీలోంచి చూడటమే. ఇంటికొచ్చాక అన్నం వండే ఓపిక ఉండదు. మొదటి ఏడాదంతా బ్రెడ్డు, ఊరి నుంచి తెచ్చుకున్న చెనిక్కాయల పొడితో గడిపేశా. రెండో చలికాలానికి సూప్ చేయడం నేర్చుకున్నా. నేర్పింది తొంభై దాటిన ఒక పెద్దావిడ, అది కూడా మంచం మీద నుంచే.

నేను నర్సింగ్ హోమ్‌లో హెల్త్‌కేర్ అసిస్టెంట్‌ని. ఇక్కడ నర్సింగ్ హోమ్ అంటే మన ఊళ్లలోలా కాన్పులు చేసే చిన్న ఆసుపత్రి కాదు, ముసలివాళ్లు ఉండే చోటు. 2021లో ఈ పనికి కూడా వర్క్ పర్మిట్లు ఇవ్వడం మొదలైంది. అప్పట్లో ఏడాదికి కనీసం 27,000 యూరోల జీతం, రెండేళ్లలోపు ఈ పని నేర్పే లెవెల్ 5 కోర్సు పూర్తి చేయాలన్న షరతు. అనంతపురంలో నర్సుగా చేసినదాన్ని ఇక్కడ డైపర్లు మారుస్తున్నానని అమ్మకు ఇప్పటికీ సరిగ్గా చెప్పలేదు. "హాస్పిటల్ లాంటిదే మా" అంటా. అక్కడికి ఆపేస్తా.

ఇక్కడ ఎంత పెద్దవాళ్లనైనా పేరు పెట్టే పిలవాలి. మా ఇంట్లో అలా పిలిస్తే చెంప పగిలేది. నాకు నోరు తిరగక ఒకసారి, సూప్ నేర్పిన ఆ పెద్దావిడను "అవ్వా" అనేశా. "నా పేరు ఏవా కాదు" అంది కోపంగా. ఏవా అని ఇక్కడ ఆడపిల్లలకు పేరు పెడతారు. అర్థం చెప్పాక ఏమీ అనలేదు కానీ, అప్పటి నుంచి ఆ పిలుపుకే పలికేది.

అవ్వకు మింగడం కష్టం. అలాంటి వాళ్లకు తిండి, నీళ్లు ఎంత మెత్తగా, ఎంత చిక్కగా ఉండాలో 0 నుంచి 7 వరకు లెవెల్స్ ఉంటాయి. ఆవిడది 4, అంటే అన్నీ మెత్తగా రుబ్బి పెట్టాలి. మధ్యాహ్నం సూప్ కూడా ఒకే రంగులో, ఉండలు లేకుండా వచ్చేది. చెంచా చూడగానే మొహం తిప్పేసి, "ఇది సూప్ కాదు, గోడకు కాగితాలు అంటించే జిగురు" అనేది. నేను బతిమాలుతూ ఒక్కో చెంచా పెడుతుంటే, మధ్యమధ్యలో వాళ్లమ్మ సూప్ ఎలా చేసేదో చెప్పేది. అలా మూడు వారాల్లో, చెంచాకో ముక్క చొప్పున, వంటకం మొత్తం నాకు చేరింది.

మొదటిసారి నా తెలివి నేను వాడా. మాంసం అనగానే కుక్కర్ తీశా. అల్లం తెల్లగడ్డ ముద్ద వేశా, ఎర్రగడ్డలు ఎర్రగా వేయించా, బార్లీ, ముక్కలు అన్నీ ఒకేసారి పోసి నాలుగు విజిళ్లు పెట్టా. రెండో విజిల్‌కే బార్లీ నురుగు పైకి పొంగి విజిల్ రంధ్రం మూసుకుపోయింది. గబగబా స్టవ్ ఆపి, చల్లారాక మూత తీస్తే ఉర్లగడ్డ (మీ బంగాళాదుంప) కనపడకుండా కరిగిపోయి ఉంది. పోనీలే అని జీలకర్ర, ఎండుమిర్చితో తిరగవాత పెట్టా. స్మోక్ అలారం మోగింది. పై గదిలో నిద్రపోతున్న మలయాళీ నర్సు టవల్‌తో పరుగెత్తుకొచ్చి అలారం కింద విసరడం మొదలుపెట్టింది, ఆమెకు అది అలవాటే. తిన్నాం. బాగుంది కూడా. కానీ అది మటన్ చారు.

మర్నాడు అవ్వకు పూసగుచ్చినట్టు చెప్పా. మిరపకాయ దగ్గరికి వచ్చేసరికి కళ్లు మూసుకుంది. "దేనికంత తొందర నీకు?" అంది. ఆవిడ అడిగింది మిరపకాయ గురించి కాదు, కుక్కర్ గురించి.

రెండోసారి చెప్పినట్టు చేశా. ముందు రోజు రాత్రి దుకాణంలో సూప్ మిక్స్ ప్యాకెట్ కొని నానబెట్టా. అందులో బార్లీ, బద్దల పఠాణీ, ఎర్రపప్పు ఉంటాయి. మన దగ్గర బార్లీ అంటే ఒంట్లో వేడికి, మూత్రంలో మంటకు తాగే నీళ్లే కదా, దాన్ని నమిలి తినొచ్చని ఇక్కడికొచ్చాకే తెలిసింది. మాంసం లాంబ్ మెడ ముక్కలు, అరకిలో. ఎముక లేకపోతే రుచి రాదు. రాస్కామన్‌లో గొర్రెలకు కొదవ లేదు, ఈ జిల్లా వాళ్లను పక్క జిల్లాల వాళ్లు గొర్రెల దొంగలని ఆటపట్టిస్తారు. అనంతపురం పిల్లకు ఈ విషయంలో మాత్రం పరాయి ఊరు అనిపించలేదు.

ఇక కూరగాయలు. క్యారెట్లు మూడు, సెలరీ కాడలు రెండు, లీక్స్ రెండు. లీక్ అంటే పైపులోంచి నీళ్లు కారడం కాదు, ఉల్లికాడకు పెద్దన్నలాంటిది. పొరపొర మధ్య మట్టి ఉంటుంది, గోంగూరలో ఇసుకలాగే. నిలువునా చీల్చి, పొరలు విడదీసి కుళాయి కింద పట్టాలి. మొదటిసారి అది చేయకే పళ్ల కింద కరకరలాడింది. టర్నిప్ అని ఇక్కడ అనేది మన తెల్ల టర్నిప్‌ని కాదు, లోపల పసుపుగా, కందగడ్డంత మొండిగా ఉండేదాన్ని. వెనకటికి హాలోవీన్‌కి గుమ్మడికాయ కాదు, దీన్నే తొలిచి దీపం పెట్టేవాళ్లట. చాకు దించితే తెలుస్తుంది వాళ్ల ఓపిక ఎంతో.

అడుగు మందంగా ఉన్న గిన్నెలో వెన్న వేసి, ఎర్రగడ్డ, లీక్స్ సన్నమంట మీద మూతపెట్టి మగ్గించాలి. రంగు మారకూడదు. ఇదే నాకు కష్టం. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఎర్రగడ్డ ఎర్రగా వేగితేనే కూర అని నేర్చుకున్న చెయ్యి ఊరికే మంట పెంచుతుంది. తర్వాత మాంసం, నానిన పప్పులు, రెండు లీటర్ల నీళ్లు, కొంచెం థైమ్ ఆకు. పైకి తేలే తెట్టు గరిటెతో తీసేస్తూ గంటన్నర వదిలేయాలి. క్యారెట్, సెలరీ, టర్నిప్ ముక్కలు చివరి ముప్పావుగంటలో, ఉర్లగడ్డ చివరి ఇరవై నిమిషాల్లో. ఇక్కడ దొరికే ఎర్రతోలు రూస్టర్ రకం ఉడికితే పిండి పిండిగా విచ్చుకుని సూప్‌ను తనే చిక్కబరుస్తుంది. ఉప్పు, తెల్లమిరియాల పొడి, దించాక తరిగిన పార్స్‌లీ. అంతే. పక్కన సోడా బ్రెడ్. దానికి ఈస్ట్ అక్కర్లేదు, గోధుమపిండిలో వంటసోడా, పుల్లటి మజ్జిగ కలిపితే పొంగుతుంది. ఆ మజ్జిగ డబ్బాలో మిగిలింది నేను ఉప్పేసుకుని తాగేశా. ఇక్కడి వాళ్లు చూస్తే విచిత్రంగా అనుకుంటారు.

ఆ వారమే ఒక పొరపాటు చేశా. డ్యూటీ మారేటప్పుడు అవ్వ గురించి "షీ టుక్ ద సూప్" అని చెప్పా, బాగా తాగిందని నా ఉద్దేశం. ఐరిష్ నర్సు పకపకా నవ్వి, ఆ మాట ఆవిడ ముందు మాత్రం అనకు అంది. ఆ మాట ఇక్కడ తిట్టు. 1845లో ఉర్లగడ్డకు తెగులు పట్టి మొదలైన కరువులో దాదాపు 10 లక్షల మంది చనిపోయారు, ఇంకో 10 లక్షల మంది ఓడలెక్కి పోయారు. 1847 ఎండాకాలంలో ప్రభుత్వం ఊరూరా సూప్ కేంద్రాలు తెరిస్తే, జూలైలో రోజుకు 30 లక్షల మంది దాకా దాని మీదే బతికారు. అవి కాక కొన్ని ప్రొటెస్టెంట్ సంఘాలు మతం మారితేనే సూప్ పోశాయి. అలా తాగినవాళ్ల ఇంటిపేరుకు ఆ మచ్చ తరాల దాకా పోలేదు. మా దగ్గర్లోని స్ట్రోక్స్‌టౌన్‌లో కరువు మ్యూజియం ఉంది. అక్కడి భూస్వామి డెనిస్ మాహన్ తన కౌలుదార్లను వందల మందిని కెనడా ఓడలెక్కించాడు, దారిలోనే ఎందరో పోయారు. 1847 నవంబర్లో అతన్ని కాల్చి చంపారు.

అవ్వను అడగకూడదనుకుంటూనే అడిగా. "మా వాళ్లు తాగలేదు" అంది వెంటనే, నిన్న జరిగినట్టు. అప్పుడు మా అవ్వ సంగతి చెప్పా. 1950ల మొదట్లో సీమ కరువులో గంజి కేంద్రం దగ్గర సత్తుగిన్నె పట్టుకుని వరసలో నిలబడేదానినని చెప్పేది. గంజి మిగిలితే చివర్లో ఉన్నవాళ్లకు చిక్కగా దొరుకుతుందని కావాలనే వెనక నిలబడేదట.

"గంజికి మతం మారమన్నారా?"

"లేదవ్వా, గిన్నె తెచ్చుకుంటే చాలు."

కాసేపు ఆలోచించి, "వెనక నిలబడ్డం మంచి తెలివే" అంది.

ఆ సూప్ ఆవిడకు పెట్టాలని ఉంది. కుదరదు. బయట వండింది లోపలికి తెచ్చి పెట్టకూడదు, పైగా ఆవిడ లెవెల్ 4. అడిగి చూశా, కాదన్నారు. రూల్ ఎందుకుందో నర్సుగా నాకూ తెలుసు, అయినా ఆ రోజంతా మనసు బాగాలేదు.

శనివారం నా బ్రేక్ కోసం ఫ్లాస్కులో తెచ్చుకున్నా. బ్రేక్‌కి వెళ్తూ ఆవిడ గదిలో ఆగి మూత తీసి ముక్కు దగ్గర పట్టా. వాసన చూడకూడదని ఏ చార్టులోనూ రాయలేదు. కళ్లు మూసుకుని చాలాసేపు పీల్చింది. ఆవిరికి కళ్లద్దాలు మసకబారాయి.

"సెలరీ ఎక్కువ వేశావు" అంది.