కుర్చీ కేసు: మొదటి ముద్దాయి వాంగ్మూలం

మన పదో తరగతి బ్యాచ్ సమ్మేళనానికి వేసే సంచిక కోసం కమిటీ వాట్సాప్‌లో పెట్టిన మెసేజ్ మీ అందరికీ వచ్చే ఉంటుంది. రెండు పేజీలు మించకూడదు, పాస్‌పోర్టు ఫొటో జత చేయాలి, చందా వేరేగా పంపాలి. నాకు మాత్రం లంబూ ప్రత్యేకంగా ఫోన్ చేశాడు. "అంపైర్, నువ్వు అందరిలెక్క రాయొద్దు. దీపా మలిక్ గురించి మొదలుపెట్టి నీ దగ్గరికి రా. వికలాంగుల వీరగాథ లెక్క ఉండాలె, చదివినోళ్లకు కండ్లల్ల నీళ్లు తిరగాలె" అన్నాడు. ఎనిమిదో తరగతి లెక్కల పరీక్షలో నా పేపరు చూసి పాసైనవాడు ఇప్పుడు నాకు వ్యాసరచన నేర్పుతున్నాడు. సరే, కమిటీ చైర్మన్ కదా.

వీరగాథ నాకు చేతకాదు. డ్రిల్ సార్ గురించి రాస్తాను. పారాలింపిక్స్‌లో, అంటే వికలాంగుల ఒలింపిక్స్‌లో, గుండు విసిరి వెండి తెచ్చిన దీపా మలిక్ ఆ దారిలోనే వస్తుంది.

సార్ విజిల్ సంగతి, మూడో పీరియడ్ చాయ్ సంగతి, సైన్సు టీచరమ్మ సైకిల్‌లో గాలి పోయిన సంగతి ఇక్కడ రాయను. టీచరమ్మ కూడా ఈ సంచిక చదువుతారట. నేను చెప్పేది కుర్చీ కేసు. ఇన్నేళ్లలో ఎవరి నోట విన్నా ఆ కథ హెచ్ఎం గారి దగ్గరే మొదలై అక్కడే అయిపోతుంది. అంతకుముందు గంటన్నర సేపు గ్రౌండులో ఏం జరిగిందో కుర్చీలో కూర్చున్నవాడిగా నేను చెప్పాలి.

ఆరో తరగతి నుంచి ఆటల పీరియడ్‌లో నా ఉద్యోగం మీ చెప్పుల కాపలా. తరవాత ప్రమోషన్ వచ్చి కబడ్డీకి స్కోరు రాశాను. అట్లా అంపైర్‌ను అయ్యాను. కుడికాలికి పోలియో. మోకాలి మీద చెయ్యి ఆనించి నడిచేవాణ్ని. బడికి వచ్చేటప్పుడు సంచి బుడ్డోడు మోసేవాడు, వాడి హోంవర్క్ నేను మోసేవాణ్ని. కానీ చేతులు బాగుండేవి. మా బాపు నాకు నడక రాదేమోనని భయపడి ఈత నేర్పించాడు. నడుముకు బెండ్లు కట్టి మా చెలక బావిలో వదిలేవాడు. ఏడో తరగతికల్లా బెండ్లు లేకుండా ఆ బావిలో ఎన్నిసార్లైనా తిరిగేవాణ్ని. నీళ్లల్లో నాకు కాలు గుర్తుకే వచ్చేది కాదు.

మనం పదో తరగతి. 1984. తాలూకా పోటీలకు గుండు విసిరేవాళ్లను సార్ ఎంపిక చేస్తున్నారు. బండోడు ఒక్కడే బాగా వేస్తున్నాడు, మిగతావాళ్ల గుండు వాళ్ల కాళ్ల దగ్గరే పడుతోంది. నేను రిజిస్టర్‌లో దూరాలు రాస్తున్నాను. సార్ ఉన్నట్టుండి నా వైపు తిరిగారు.

"ఒరేయ్ అంపైర్, గుండు దేనితోటి ఏస్తరు?"

"చేత్తో సార్."

"మరి నువ్వెందుకు ఎయ్యవు?"

నేను కాలు చూపించాను.

"నేను కాలు అడగలే."

లేచి నిలబడి వేశాను. గుండు కంటే ముందు నేను పడ్డాను. మీరంతా నవ్వారు. ఎవరెవరు నవ్వారో నాకు గుర్తుంది, పేర్లు రాయడం లేదు. సార్ నవ్వలేదు, జాలిపడలేదు కూడా. సైకిల్ షాపోడు పంక్చర్ ఎక్కడుందా అని ట్యూబును నీళ్లల్లో ముంచి చూసినట్టు, నన్ను అటూ ఇటూ తిప్పి చూశారు. కింద కూర్చోబెట్టి వేయించారు. నడుము తిరగలేదు. బెంచీ మీద కూర్చోబెట్టారు. బెంచీ తిరగబడింది. "చేతులున్న కుర్చీ గావాలె, ఎడమ చెయ్యికి పట్టు దొరకాలె" అన్నారు. మన బడిలో చేతులున్న కుర్చీ ఒక్కటే. అది ఎవరిదో మీకు తెలుసు.

"సార్ తెమ్మన్నడని చెప్పి తేండ్రి" అని బుడ్డోణ్ని, సైకిల్ షాపోణ్ని పంపారు. ఏ సార్ అని అటెండరు అడగలేదు, వీళ్లు చెప్పలేదు.

కుర్చీకి రెండు పక్కలా గడ్డపారలు దిగ్గొట్టారు. బావి మోకు తెచ్చి కుర్చీ కాళ్లను గడ్డపారలకు బిగించారు. తన బెల్టు విప్పి నా నడుమును కుర్చీకి కట్టారు. ఒక చేత్తో ప్యాంటు పట్టుకొని, ఇంకో చేత్తో గుండు నా మెడ దగ్గర పెట్టి, "ఎడమ చెయ్యితోటి గుంజు, కుడి చెయ్యితోటి తోయి" అన్నారు. కుర్చీ కిర్రుమంది. గుండు పోయింది. సార్ నా భుజం తట్టలేదు, శభాష్ అనలేదు. "టేపు పట్టుండ్రి, ఎంత దూరం పడ్డది?" అని అరిచారు.

నాలుగు మీటర్ల పది సెంటీమీటర్లు. రిజిస్టర్‌లో బండోడి పేరు కింద నా పేరు, పక్కన 4.10. ఎర్ర సిరా లేదు, చుక్క గుర్తు లేదు. అదే వరుస, అదే పెన్ను. బండోడిది నాకంటే రెట్టింపు కంటే ఎక్కువ. అది కూడా అక్కడే ఉంది.

తరవాత కుర్చీ మూల తిప్పారు, మోకు ఇంకాస్త బిగించారు. మళ్లీ వేయించారు, మళ్లీ కొలిచారు. గంట కొట్టినా వదల్లేదు. తనిఖీ వాళ్లను వెంటబెట్టుకొని హెచ్ఎం గారు వరండాలోకి వచ్చింది సరిగ్గా అప్పుడే. "మాస్టారూ, నా కుర్చీకి ఉరేశారేంటండీ?" అన్న మాట దగ్గర్నుంచి కథ మీ అందరికీ వచ్చు. మెమో సంగతి కూడా వచ్చు. ఆ కుర్చీ ఎడమ చెయ్యి ఇప్పటికీ ఊగుతోందని మొన్న బడికి పోయినప్పుడు చూశాను.

తాలూకా పోటీల్లో నన్ను వెయ్యనివ్వలేదు, రూల్సులో కుర్చీ లేదన్నారు. సార్ కొట్లాడలేదు. తిరుగు బస్సులో మిర్చి బజ్జీలు కొనిచ్చి, "లేకపోతే ఏంది, ఎక్కడనో ఒకచోట ఉంటది" అన్నారు. నిజంగానే ఉంది. అదే 1984లో పారాలింపిక్స్‌లో జోగిందర్ సింగ్ బేడీ అనే మనదేశపు ఆయన గుండులో వెండి, ఈటెలో కంచు, డిస్కస్‌లో కంచు తెచ్చాడు. ఒక మనిషి, మూడు పతకాలు. సార్‌కు తెలియదు, నాకూ తెలియదు.

ఆ డిసెంబరులోనే పార్లమెంటు ఎన్నికలు. దేశమంతా కాంగ్రెస్ గాలి. మన మహబూబ్‌నగర్‌లో మాత్రం జనతా పార్టీ నుంచి జైపాల్‌రెడ్డి గెలిచారు. అంతకుముందు కల్వకుర్తి ఎమ్మెల్యేగా మన పెద్దలకు బాగా తెలిసిన మనిషే. చిన్నప్పుడే పోలియో, చంకకర్రలు. సార్ ఆ ఎన్నికల రోజుల్లో నాతో అన్న మాట ఒకటుంది. "ఆయన కట్టెల మీద నిలవడి మాట్లాడుతుండు. కాళ్లున్నోళ్లంత కింద కూసోని ఇంటుండ్రు. సూసినవా?" నేను చూశాను. అప్పుడేమీ అనుకోలేదు.

ఇంటర్, డిగ్రీ, పెళ్లి, వీటి గురించి రాయడానికేమీ లేదు. ఎస్టీడీ బూత్ పెట్టిన సంగతి మీకు తెలుసు, మీలో సగంమంది దుబాయ్ నుంచి, బొంబాయి నుంచి నా బూత్‌కే ఫోన్ చేసి మీ అమ్మానాన్నలను పిలిపించుకున్నారు. సెల్‌ఫోన్ వచ్చాక బూత్ జిరాక్స్ షాపైంది, తరవాత దరఖాస్తులు నింపే షాపైంది.

ఇరవై ఏళ్ల కింద డిసెంబరు 3న, అదే వికలాంగుల దినోత్సవానికి, జిల్లాలో ఆటల పోటీలు పెట్టారు. మా ఊరి పిల్లవాణ్ని తోడుగా తీసుకుపోయాను. అక్కడ గ్రౌండులో ఒక ఇనుప కుర్చీ, దానికి నాలుగు వైపులా పట్టీలు, పట్టీల కొసలు నేలలో దిగ్గొట్టిన మేకులకు. పక్కన పట్టుకోవడానికి నిలువు కడ్డీ. నేను నిలబడిపోయాను. గడ్డపారలు, మోకు, బెల్టు ఒక్కటే తక్కువ! దాన్ని త్రోయింగ్ ఫ్రేమ్ అంటారట. కుషన్‌తో కలిపి 75 సెంటీమీటర్ల ఎత్తు మించకూడదు. విసిరేటప్పుడు పిరుదులు సీటు మీద నుంచి లేస్తే ఫౌల్. డాక్టర్లు చూసి ఎవరికి ఎంత కండబలం ఉందో దాన్నిబట్టి క్లాసు ఇస్తారు. నాకు ఎఫ్-57 అన్నారు. మన బడిలో క్లాసు మారాలంటే పరీక్ష రాయాలి, ఇక్కడ కాలు చూస్తారు.

ఆ తరవాత కొన్నేళ్లు గుండు, ఈటె, ఈత మూడూ ఆడాను. హైదరాబాద్‌లో రాష్ట్ర పోటీల్లో ఈతలో బంగారం వచ్చింది, చెలక బావి పుణ్యం. గుండులో నా బెస్ట్ 8.30. గొప్ప ఏమీ కాదు. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో నా క్లాసులోనే నాగాలాండ్ సైనికుడు హొకాటో సేమా 14.65 వేసి కంచు తెచ్చాడు. మందుపాతరలో కాలు పోయిన మనిషి. ఆ వీడియో పెట్టుకొని, ఎడమ చెయ్యి ఎట్లా గుంజుతున్నాడో అని ఎన్నోసార్లు చూశాను.

ఇక దీపా మలిక్. లంబూ, ఇది నీకోసం.

ఆవిడ పుట్టింది 1970లో. అంటే మన ఈడే, మన బ్యాచ్‌లో కూర్చోవాల్సిన మనిషి. వెన్నులో కణితి. 1999లో భర్త కార్గిల్ యుద్ధంలో ఉండగా ఆపరేషన్, తరవాత ఛాతీ కింద నుంచి చచ్చుబడింది. ముప్పై ఐదు దాటాక ఆటల్లోకి దిగింది. 2006లో కౌలాలంపూర్‌లో ఈతలో వెండి. 2008లో యమునలో ప్రవాహానికి ఎదురు ఒక కిలోమీటరు ఈదింది. హిమాలయాల మోటారు ర్యాలీలో బండి నడిపింది. ఆసియా పారా క్రీడల్లో ఈటెతో పతకాలు తెచ్చింది. 2016 సెప్టెంబరు 12న రియోలో గుండు విసిరి వెండి తెచ్చింది. పారాలింపిక్స్‌లో పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ.

ఆవిడ గురించి ఏ వ్యాసం తిరగేసినా 183 కుట్లు అని ఉంటుంది. ఎంత దూరం వేసిందో మాత్రం వెతుక్కోవాలి. 4.61. బహ్రెయిన్ ఫాతిమా 4.76, గ్రీసు ఆమె 4.28. ఆవిడది ఎఫ్-53, అంటే నడుము నుంచి బలం రాదు, భుజం, చెయ్యి తప్ప ఏమీ లేదు. ఆ రోజు రాత్రి షాపు మూసి, టేపు తీసి, షట్టర్ దగ్గర నుంచి 4.61 కొలిచి చాక్‌పీసుతో గీత గీశాను. నడుమును బెల్టుతో బిగించుకొని భుజంతోనే వేస్తే అక్కడిదాకా గుండు పోవడం ఎంత కష్టమో నాకు తెలుసు. పక్క హోటలాయన వచ్చి, "పాపం, ఎంత కష్టపడ్డదో గదా" అన్నాడు. పాపం ఏముందన్నా, వెండి వచ్చింది అన్నాను.

నాకు ఇదే కోపం. రాష్ట్ర పోటీల తరవాత నాకు చాలా శాలువాలు కప్పారు. మనోధైర్యం అన్నారు, స్ఫూర్తి అన్నారు, విధిని ఓడించాడు అన్నారు. ఎంత దూరం వేశావని అడిగినవాడు ఒక్కడు లేడు. మన వరంగల్ పిల్ల జీవాంజి దీప్తి పారిస్‌లో 400 మీటర్లు 55.82 సెకన్లలో పరుగెత్తి కంచు తెచ్చినప్పుడు, ఊళ్లో ఎవరెవరు ఏమేమి హేళన చేశారన్నదే అందరూ చెప్పుకున్నారు. 55.82 ఎంతమందికి గుర్తుంది? మామూలు మనిషిని మొత్తం 400 మీటర్లు ఆగకుండా పరుగెత్తమనండి, చూద్దాం.

రాజకీయం సంగతి కూడా చెప్పాలి కదా. దీపా మలిక్ 2019 మార్చిలో బీజేపీలో చేరింది. నేను ఆ జనవరిలోనే మా ఊరి సర్పంచ్‌గా గెలిచాను. అంటే రాజకీయాల్లో నేను ఆవిడకంటే రెండు నెలలు సీనియర్. తరవాతి ఏడాది ఆవిడ భారత పారాలింపిక్ కమిటీ అధ్యక్షురాలైంది. ఆవిడ ఉన్నప్పుడే టోక్యోలో మనకు 19 పతకాలొచ్చాయి. ఆవిడ తరవాత ఆ కుర్చీలోకి వచ్చిన దేవేంద్ర ఝఝారియా ఈటెలో రెండు బంగారాల వీరుడు. 2024లో రాజస్థాన్ చూరులో ఎంపీగా నిలబడి ఓడిపోయాడు. పతకాలు చూసి ఓట్లు వెయ్యరు. నాకూ వెయ్యలేదు. పింఛను దరఖాస్తులు, పహాణీ నకళ్లు, కరెంటు మీటరు అర్జీలు ఏళ్ల తరబడి నింపి పెట్టాను కాబట్టి వేశారు. అదీ బొటాబొటి మెజారిటీతో.

ఐదేళ్లలో సీసీ రోడ్లు, నర్సరీ, వైకుంఠధామం పూర్తి చేశాం. పంచాయతీ ఆఫీసుకు, బడికి ర్యాంపులు వేయించాను. మొదటిసారి వేసిన ర్యాంపు మరీ నిటారుగా ఉందని పగలగొట్టించి మళ్లీ కట్టించాను, మేస్త్రీ ఇప్పటికీ నాతో మాట్లాడడు. సొంత డబ్బు పెట్టిన పనుల బిల్లులు కొన్ని ఇంకా రాలేదు. అది వేరే సంచికకు పనికొచ్చే కథ.

సర్పంచ్ అయిన కొత్తలో సార్‌ను చూడటానికి పోయాను. కొడుకు దగ్గర ఉండేవారు, చూపు తగ్గింది. నా గొంతు విని గుర్తుపట్టారు. గెలిచాను సార్ అంటే, "ఎన్ని ఓట్లతోటి?" అన్నారు. చెప్పాను. "గంతేనా?" అన్నారు. తరవాత గుండు ఎంత వేశావని అడిగారు. 8.30 అంటే కాసేపు లెక్కేసుకొని, "బండోడు ఆ రోజు 8.90 ఏసిండు" అన్నారు. రెండో కరోనా వేవ్‌లో సార్ పోయారు. అప్పుడు ఎవరమూ వెళ్లలేకపోయాం.

సమ్మేళనం రోజు ప్రోగ్రాం చూశాను. జ్యోతి ప్రజ్వలన, సన్మానం, మళ్లీ సన్మానం, భోజనాలు. వేదికకు మూడు మెట్లు పెట్టారు, పక్కన ఒక పలక వేయించండి, సైకిల్ షాపోడికి కూడా మోకాళ్లు పోయాయి. నాకు శాలువా వద్దు. భోజనాల తరవాత గ్రౌండు ఒక గంట ఇవ్వండి. నా ఫ్రేమ్, పట్టీలు, నాలుగు కిలోల గుండు ఆటోలో వేసుకొస్తాను. బండోడు, బుడ్డోడు, లంబూ అందరూ నడుముకు బెల్టు కట్టుకొని కూర్చొనే వెయ్యాలి. సీటు మీద నుంచి లేస్తే ఫౌల్. టేపు నేను పడతాను, రిజిస్టర్‌లో నేనే రాస్తాను. లంబూ, మూడు మీటర్లు దాటకపోతే భోజనాల ఖర్చు నీదే.