అరవై నలుగురి కౌంటీలో ట్యాంకర్ల బారు

డల్లాస్ నుంచి ఒడెస్సా దాకా ఐ-20 హైవే సంగతి టెక్సస్ తెలుగువాళ్లకు నేను చెప్పనక్కరలేదు. ఒడెస్సాలో 302వ నంబరు రోడ్డెక్కి కెర్మిట్ ఊరు దాటాకే నాకు చిరాకు మొదలైంది. నేను వెళ్తున్నది లవింగ్ కౌంటీకి. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. 2020 జనగణనలో అక్కడ లెక్కతేలింది 64 మంది. అమెరికా మొత్తంలో అంత తక్కువ జనాభా మరే కౌంటీలోనూ లేదు. విస్తీర్ణమేమో దాదాపు 1,750 చదరపు కిలోమీటర్లు, అంటే మన హైదరాబాద్ జిల్లాకు ఎనిమిది రెట్లు. మనిషి అలికిడి లేని నేలను చూడాలని బయలుదేరితే, నా ముందూ వెనకా ముడిచమురు ట్యాంకర్లు, ఇసుక లారీలు. దుమ్ములో ముందున్న బండి వెనక దీపాలు తప్ప ఏమీ కనిపించలేదు.

దుమ్ము తేలిపోయినప్పుడు మాత్రం ఆ నేల నాకు నచ్చింది. చదునైన ఎడారి, మన సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టమైన మెస్కీట్ పొదలు, చమురు బావుల దగ్గర పట్టపగలే మండుతున్న గ్యాసు మంటలు. కౌంటీ కేంద్రం మెంటోన్‌లో 1935 నాటి ఇటుకల కోర్టు భవనం ఉంది. ఎడ్నా రీడ్ డివీస్ 1945లో ఇక్కడే షెరీఫ్, అంటే కౌంటీ పోలీసు అధికారి, అయ్యారు. టెక్సస్‌లో ఆ పదవికి ఎన్నికైన తొలి మహిళ ఆమె. బడి మూతపడి చాలా కాలమైంది, పిల్లలు పక్క కౌంటీలోని వింక్‌కు వెళ్లి చదువుకుంటున్నారు.

రోడ్డు పక్కన బండిమీద టాకోలు అమ్ముతుంటే ఆగాను. ధర డల్లాస్ కంటే ఎక్కువే. పక్కన నిలబడి తింటున్న పెద్దాయన ట్యాంకరు డ్రైవరు.

"ఇక్కడేనా ఉంటారు?" అని అడిగాను.

"ఇల్లు లూసియానాలో. ఇక్కడ రెండు వారాలు పని, తర్వాత ఒక వారం ఇంటికి" అన్నాడు.

పడుకునేది కార్మికుల శిబిరంలోని ఒక డబ్బా గదిలోనట. జనగణన చెప్పిన ఆ 64 మందిలో ఆయన లేడు. ఆ శిబిరాల్లో ఉండే మిగతావాళ్లలోనూ చాలామందిది ఇదే లెక్క. నారాయణపేట దగ్గరి మా ఊరు గుర్తొచ్చింది. అక్కడ ఓటర్ల జాబితా నిండుగా ఉంటుంది, సగం ఇళ్లకు తాళాలుంటాయి, మనుషులు ముంబయిలోనో పుణేలోనో ఇటుకలు మోస్తుంటారు. ఇక్కడ మనుషులున్నారు, జాబితాలో లేరు.

"ప్రమాదం జరిగితే?" అన్నాను.

"కెర్మిట్‌లోనో పేకోస్‌లోనో ఆసుపత్రికి తీసుకెళ్తారు, దారి దొరికితే" అన్నాడు.

సాయంత్రం ప్రమాదాలకు పేరుమోసిన 285వ నంబరు హైవే మీదుగా పేకోస్ చేరాను. మోటెల్‌లో ఒక మామూలు గదికి నగరం నడిబొడ్డు హోటల్ ధర చెప్పారు. చమురు కూలీలు వారాల తరబడి ముందే తీసేసుకుంటారట. ఆ ధర కంటే పెద్దాయన మాటే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఇంత చమురు తోడుకుంటున్న చోట 64 అనే అంకె చూపించి ఆసుపత్రి అక్కరలేదంటే నేను ఒప్పుకోను. ఆ రోడ్డు మీద పగలూ రాత్రీ బండి నడిపేవాళ్లను కూడా లెక్కపెట్టి, అప్పుడు చెప్పమనండి.